తత్సమాలు, తద్భవాలు, దేశ్యాలు: ఒక తేలికపాటి కారు సామాను కథ



జీవితమంతా వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడు మోటారు విడిభాగాల గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. నాకు మాత్రం ఈ రెంటికీ దగ్గరి చుట్టరికమే కనిపిస్తుంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు తెగలుగా విభజించాడు. పరాయి మాటకు మన ప్రత్యయం చేర్చి వాడుకొంటే తత్సమం. నోట నలిగి రూపు మారితే తద్భవం. మన నేలమీదనే పుట్టినది దేశ్యం. గ్రామ్యమనే నాలుగో తెగను పండితులు చాలాకాలం గడప బయటనే నిలబెట్టారు. పరాయిదేశపు కారు ఒకటి మన ఊరికి వచ్చి, దాని సామాను అరిగిపోయినప్పుడు మిస్త్రీ ఎదుట ఉండే దారులు కూడా సరిగ్గా ఇవే.

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వవిద్యార్థి ఒకడు సెలవుల్లో వచ్చినప్పుడు తన కారు ఫోటో చూపించాడు. దానికి తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు. ముందు చక్రాలు ఒంటికి ఎడంగా, మిడత కాళ్ళలా బయటికే ఉన్నాయి. కొత్తగా కొన్నదే అయినా రూపం మాత్రం అరవై ఏళ్ళ నాటిది. "సార్, దీన్ని నడపడం సులువే, సామాను దొరికించుకోవడమే ఒక చదువు" అన్నాడు. ఆ మాట పట్టుకొని నేను చదివినవీ విన్నవీ ఇక్కడ కూర్చుతున్నాను. చెప్పదలచినది ఒక్కటే. నాజూకు బండి తన బలంతో బ్రతకదు. వీధిలో తిరిగే మామూలు బండి పుణ్యాన బ్రతుకుతుంది.

ఆ కారు మూలపురుషుడు లోటస్ సెవెన్. కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు 1957లో దానిని తెచ్చాడు. సన్నని ఉక్కు గొట్టాలను అతికి ఒక పంజరం కట్టి, దానిపైన అల్యూమినియం రేకులు తొడిగాడు. మొత్తం బరువు సుమారు అయిదువందల కిలోలు, అంటే మన అంబాసిడరు బరువులో సగం కూడా లేదు. బరువు తక్కువైతే చిన్న ఇంజను చాలు, చిన్న బ్రేకు చాలు, టైరు తొందరగా అరగదు. ఆనాడు ఇంగ్లండులో పూర్తిగా తయారైన కారుకు కొనుగోలు పన్ను ఉండేది. భాగాలుగా కొని ఇంట్లో బిగించుకొనేవారికి ఆ పన్ను పడేది కాదు. అందువల్ల సెవెన్ కార్లు చాలావరకు పెట్టెల్లోనే ఇంటికి చేరాయి.

ఇంతకూ ఆ పెట్టెల్లో ఉన్నవి ఎవరి సామాన్లు? తొలి సెవెన్‌లో 1172 సి.సి. ఇంజను ఫోర్డు వారి మామూలు కారుది. ముందు చక్రాలను పట్టి నిలిపే నిలువు కడ్డీలు ట్రయంఫ్ వంశానివి. చాప్‌మన్ సొంతంగా చేసినది ఆ పంజరమూ, వాటినన్నింటినీ కూర్చిన తీరూ. ఆలోచిస్తే ఇది చాలా తెలివైన పని. ఫోర్డు ఇంజను చెడితే ఏ పల్లెటూరి మెకానిక్కయినా బాగుచేయగలడు. 1973లో లోటస్ ఈ నమూనాను వదులుకొన్నప్పుడు కేటర్‌హామ్ అనే చిన్న సంస్థ హక్కులు కొని, నేటికీ దానిని తయారు చేస్తూనే ఉంది. నమూనా ఇంతకాలం నిలవడానికి అందం ఒక కారణమైతే, పక్కింటి కారు సామాను దానికి సరిపోవడం అంతకన్న పెద్ద కారణం.

ఇక మన దేశానికి వద్దాం. స్వాతంత్ర్యానికి అటూ ఇటూ బ్రిటిషు అధికారుల వెంట, జమీందారుల వెంట, నవాబుల వెంట చిన్న స్పోర్ట్స్ కార్లు కొన్ని వచ్చాయి. 1953లో టారిఫ్ కమిషను సిఫారసుల తరువాత, ఇక్కడే తయారీ చేపట్టే ప్రణాళిక లేని కంపెనీలు తప్పుకోవాలన్నారు. బొంబాయిలో కార్లు బిగిస్తూ వచ్చిన జనరల్ మోటార్స్, ఫోర్డు వెళ్ళిపోయాయి. కార్లలో ప్రధానంగా మిగిలినవి హిందుస్థాన్, ప్రీమియర్, స్టాండర్డ్. దిగుమతికి లైసెన్సు కావాలి, విదేశీ మారకద్రవ్యానికి కటకట. 1991 సంస్కరణల దాకా ఇదే పరిస్థితి. లండను నుంచి ఒక గాస్కెట్టు తెప్పించుకోవాలంటే విమానంలో వచ్చే చుట్టం పెట్టెలో చోటు అడుక్కోవాలి. అలా వచ్చినది తత్సమం. అసలైనది, ఖరీదైనది, అరుదైనది.

తత్సమానికీ మన ప్రత్యయం చేరితేనే వాక్యంలో ఇముడుతుంది గదా! ఇక్కడ ఆ చిక్కు మరల దగ్గర వచ్చింది. పాత బ్రిటిషు కార్ల బోల్టులు అంగుళాల కొలతలవి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మళ్ళింది. ఒకే మిస్త్రీ రెండు జతల పానాలు దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. 1945 నుంచి 1949 దాకా తయారైన ఎం.జి. టి.సి. అనే చిన్న స్పోర్ట్స్ కారుది మరీ విచిత్రం. దాని 1250 సి.సి. ఇంజనులో బోల్టు తల ఇంగ్లీషు విట్‌వర్త్ కొలతది, లోపలి మర మిల్లీమీటర్లది. ఆ ఇంజను వంశం మూలం ఫ్రెంచి యంత్రాల దగ్గర ఉండడమే ఇందుకు కారణం. తల చూసి మరను ఊహించినవాడు కొత్త బోల్టును బలవంతంగా తిప్పి గాడి చెడగొట్టుకొంటాడు. సంస్కృత పదానికి తెలుగు పదం అతికితే మేము వైరిసమాసమని ఎర్రసిరాతో కొట్టేవాళ్ళం. ఆ బోల్టు చేసినవాడిని ఎవరూ కొట్టినట్లు లేదు.

ఇక తద్భవాలు. ఇక్కడే మన అంబాసిడరు రంగప్రవేశం చేస్తుంది. అది ఆక్స్‌ఫర్డులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే కారుకు మన దేశపు రూపం. 1950ల చివరినుంచి దానిలో వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను బ్రిటిషు మోటార్ కార్పొరేషను వారి బి-సిరీస్ వంశానిది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే అందాల స్పోర్ట్స్ కారులో ఉన్నదీ అదే వంశపు 1489 సి.సి. ఇంజనే. దానికి కార్బ్యురేటర్లు రెండు, దీనికి ఒకటి. కాంషాఫ్టు వేరు, కంప్రెషను వేరు. కుదురు మాత్రం ఒకటే. టాక్సీగా, అధికారుల వాహనంగా, పెళ్ళి కారుగా మనం చూసిన గుమ్మటపు బండి గుండె, విదేశాల్లో పందేలాడిన ఎర్ర కారు గుండె, ఏకోదరులన్న మాట. కనుక మన దేశంలో చిక్కుకొన్న ఎం.జి.లకు అంబాసిడరు అంగడే ధర్మాసుపత్రి అయింది. సికింద్రాబాదు రాణీగంజ్ వంటి బజార్లలో అంబాసిడరు సామాను గంపలకొద్దీ దొరికేది. మద్రాసులో 1949లో మొదలైన ఇండియా పిస్టన్స్, 1961లో పాడిలో మొదలైన లూకాస్ టి.వి.ఎస్. వంటి కర్మాగారాలు బ్రిటిషు నమూనాల సామానును ఇక్కడే పోతపోశాయి. సిలిండరు అరిగితే బోరింగు చేసి కొంచెం పెద్ద పిస్టను వేయడం, మళ్ళీ అరిగితే ఇంకొంచెం పెద్దది, అదీ అయిపోతే లోపల లైనరు దిగగొట్టి మొదటి కొలతకు రావడం, ఇవన్నీ అంబాసిడర్ల మీద చేయి తిరిగిన విద్యలే. ఆ చేయే ఎం.జి.నీ బ్రతికించింది.

చాప్‌మన్ సెవెన్‌కు ఇంతకన్న దగ్గరి చుట్టం మన రోడ్లపైనే తిరిగింది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ వారు 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు పేరు ట్రయంఫ్ హెరాల్డ్. సెవెన్ ముందు చక్రాలను నిలిపిన కడ్డీల వంశం సరిగ్గా ఈ కారుదే. ఆ కడ్డీ అడుగున మర ఉండి, అది ట్రనియన్ అనే దిమ్మలో కూర్చుంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర దిమ్మలో తిరగాలి. దానికి చిక్కని గేరు ఆయిలు పోయాలని కంపెనీ పుస్తకం చెప్పింది. కాని అన్ని కీళ్ళకూ గ్రీజు కొట్టడం అలవాటైన చేతులు దీనికీ గ్రీజే కొట్టాయి. గ్రీజు గట్టిపడి మర సందుల్లోకి దిగదు. నీళ్ళు దిగుతాయి, లోపల తుప్పు పడుతుంది. ఒకనాడు మలుపులో కడ్డీ పుటుక్కున విరిగి చక్రం పక్కకు ఒరుగుతుంది. ఇంగ్లండులో సెవెన్ యజమానికీ, ఇక్కడ హెరాల్డ్ యజమానికీ ఒకే ప్రమాదం, ఒకే మందు. ఆయిలు పోసే ఆ చిన్న నియమం తెలియకపోతే ఎంత ఖరీదైన తత్సమం తెచ్చి బిగించినా అది మళ్ళీ విరగక తప్పదు. సామాను సంపాదించడం సగం విద్య అయితే, దానికి ఏమి కావాలో తెలుసుకోవడం మిగిలిన సగం.

దేశ్యాల మాటకు వస్తే మన ఎల్లలు దాటి కోయంబత్తూరు వెళ్ళాలి. అక్కడ తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్ళు ఉన్నారు. వారిలో జి.డి. నాయుడుగారు (1893-1974) పేరు తెలియనివారు తక్కువ. బడి చదువు అబ్బలేదు గాని, కుర్రతనంలో ఒక దొర మోటారు సైకిలు చూసి మనసు పడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దానిని కొని విప్పి మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకొన్నారు. 1920లో పొళ్ళాచ్చి, పళనిల మధ్య ఒక బస్సుతో వ్యాపారం మొదలుపెట్టారు. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారు తయారుచేశారు. 1952లో ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారును రూపొందించి, రెండువేల రూపాయలకే ఇస్తామన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగింది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో ఒక పన్ను మినహాయింపు చాప్‌మన్‌కు బాట వేసింది. ఇక్కడ ఒక కాగితం నాయుడుగారి బాట మూసింది. బుద్ధిబలం రెండుచోట్లా ఉంది.

ఆ ఊరినుంచే మరో తరంలో కరివర్ధన్ వచ్చాడు. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్సు కుటుంబంవాడు. 1954లో పుట్టి, మద్రాసుకు ఉత్తరాన నెల్లూరు బాటలో ఉన్న షోళవరం పాత విమానాశ్రయపు మైదానంలో పందేలాడుతూ పెరిగాడు. యుద్ధకాలంలో వేసిన ఆ రన్‌వేల మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏళ్ళతరబడి పందేలు నడిపింది. విదేశీ పందెపు కారు కొనగలవాళ్ళు వేళ్ళమీద లెక్కించదగినవాళ్ళు. కొన్నా, సామాను తెప్పించలేక షెడ్డులో పడేసేవాళ్ళు. కరివర్ధన్ 1988లో దీనికి ఒక విరుగుడు కనిపెట్టాడు. గొట్టాలతో ఒంటరి సీటు పంజరం కట్టి, దానిలో మారుతి 800 వారి 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను పెట్టాడు. ఫార్ములా మారుతి అన్న పేరుతో అది ప్రసిద్ధమైంది. 1983 చివరినుంచి దేశమంతటా వ్యాపిస్తున్న మారుతికి సామాను ఏ తాలూకా కేంద్రంలోనైనా దొరుకుతుంది. కనుక పందెంలో ఇంజను పోయినా మరునాటికి బాగవుతుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఈ ఫార్ములా మారుతిలోనే తొలి పందెం ఆడిన కోయంబత్తూరు కుర్రవాడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. ఆ రోజు చూడడానికి కరివర్ధన్ లేడు. 1995లో విమాన ప్రమాదంలో కన్నుమూశాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ ఒక చమత్కారం చూడండి. 2013లో కేటర్‌హామ్ వారు తమ సెవెన్‌లోనే చవక రకం ఒకటి తెచ్చి దానికి 160 అని పేరుపెట్టారు. దానిలో పెట్టినది సుజుకి వారి 660 సి.సి. తరగతి మూడు సిలిండర్ల ఇంజను. వెనుక ఇరుసు కూడా సుజుకిదే. మారుతి 800 ఇంజను మూలమూ సుజుకియే గదా! చవకగా, తేలికగా, ఎక్కడైనా బాగుచేయించుకోగల గుండె కోసం 1988లో కోయంబత్తూరు వెతికిన ఇంట్లోనే పాతికేళ్ళకు ఇంగ్లండూ వెతికింది. ఎవరినో చూసి ఎవరో అనుకరించారని నేను అనడం లేదు. ఒకే చిక్కుకు ఒకే విడుపు. చాప్‌మన్ తొలి రోజున ఫోర్డు ఇంజను ఎత్తుకొన్నప్పటి సూత్రమే అది.

ఇంత దూరం తిరిగి మా నారాయణఖేడ్‌కు వస్తాను. ఇది 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో బీదరు జిల్లా తాలూకా. ఆ తరువాత మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే సంతలో వినిపించే ఊరు. స్పోర్ట్స్ కార్ల ఊరు కాదు. ఇక్కడ నడిచినవి జీపులు, ట్రాక్టర్లు, పొరుగున జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు. హైదరాబాదు ఆల్విన్ అనే పాత సంస్థ జపాను నిస్సాన్ సాయంతో 1980లలో పెట్టిన ఆ కర్మాగారం, ఆ దశాబ్దం చివరికి మహీంద్రా వారి చేతికి వెళ్ళింది. పేరు మారినా బండ్లు మాత్రం చాలాకాలం తిరిగాయి. రోడ్డు పక్క మిస్త్రీల దగ్గర దేశ్య విద్య ఉండడమే అందుకు కారణం. సాయంత్రాలు బడినుంచి వస్తూ ఆ షెడ్ల ముందు నిలబడి విన్న మాటలు నాకిప్పటికీ గుర్తు. బ్రేకు పట్టడం లేదు. గేరు పడడం లేదు. చక్రం ఆడుతోంది. ఇంజను ఆయిలు తాగుతోంది. నామవాచకాలన్నీ పరాయివి, క్రియలన్నీ మనవి! పట్టు, పడు, ఆడు, తాగు, నాలుగూ అచ్చ తెలుగు ధాతువులే. యంత్రం పేరు కంపెనీ పెట్టింది. దాని రోగం పేరు మిస్త్రీ పెట్టాడు. పండితులు గ్రామ్యమని తోసిపుచ్చిన తెగలోనే ఈ వైద్యమంతా ఉంది.

ఇప్పుడు అసలు దిగులు చెబుతాను. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడరు కర్మాగారమూ మూతపడింది. తల్లిబండ్లు రెండూ ఒకే సంవత్సరం పోయాయి. వాటి సామాను మీద ఆధారపడ్డ పిల్లబండ్ల గతి ఏమిటి? మిగిలిన నిల్వలు అమ్ముడైపోతాయి. లేత్ మీద కంచు బుష్షు కోసి సరిపెట్టగల వృద్ధ మిస్త్రీల తరం కూడా తరిగిపోతున్నది. కొత్త కార్లకు కంప్యూటరు పెట్టి జబ్బు చూస్తారు, పాడైన పెట్టెను తీసి కొత్త పెట్టె పెడతారు. అది తప్పని నేను అనను. కాని చెవితో విని జబ్బు పట్టే విద్య దానితో నిలవదు.

చట్టం సంగతి కూడా ఒకటుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటిన వ్యక్తిగత వాహనాలకు వి.ఎ. అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. మంచి పనే. అయితే చాసిస్సు, ఒళ్ళు, ఇంజను మొదట తయారైన తీరునుంచి మారి ఉండరాదన్నది షరతు. అంటే షెడ్డులో కదలకుండా తుప్పు పట్టిన తత్సమానికి గౌరవం. అంబాసిడరు ఇంజను వేయించుకొని నలభై ఏళ్ళు రోడ్డు మీద బ్రతికిన ఎం.జి. తద్భవానికి చిక్కు. నకిలీలను అరికట్టడానికి ఆ షరతు అవసరమే కావచ్చు. కాని చరిత్ర రాసేవాడి కంటికి ఆ రెండవ బండిలోనే ఎక్కువ చరిత్ర కనిపిస్తుంది. దిగుమతి లైసెన్సు, మారకద్రవ్యపు కటకట, రాణీగంజ్ గంపలు, మద్రాసు పిస్టను, ఒక మిస్త్రీ చేతివాటం, అన్నీ ఆ ఇంజను మీద చెక్కి ఉన్నాయి. రాత్రిని రాతిరి అన్నందుకు భాష చెడిపోలేదు. ఆ మాట మన నోట బ్రతికిందని అర్థం.

కనుక నాదొక మనవి. మీలో ఎవరి ఇంటనైనా పాత కారు ఉంటే, లేదా మీ ఊళ్ళో దానిని బాగుచేసిన పెద్దమనిషి ఉంటే, ఆ బండికి ఏ సామాను ఎక్కడినుంచి వచ్చిందో, దేని బదులు ఏది వేశారో, ఏ సంవత్సరంలో వేశారో అడిగి వ్రాసిపెట్టండి. కంపెనీ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. ఈ జాబితా మాత్రం ఆ ఒక్కడి జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆయన వాడే మాటలను కూడా దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టుగా వ్రాయండి. దిద్దే పని నేను ముప్ఫై అయిదేళ్ళు చేశాను. ఇక్కడ దాని అవసరం లేదు.

సెలవు.